నానమ్మకి అర్థం కాని నా ప్రీ-మెడ్ చదువు

గుంటూరులో మా బాబాయి కొడుకు ఇంటర్ బైపీసీ కాగానే నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాడు. వాడు తెల్లకోటు వేసుకుని దిగిన ఫొటో వచ్చిన రోజున నేను న్యూజెర్సీలో కాలేజీ టైమ్‌టేబుల్ ముందేసుకుని కూర్చున్నాను. ఫోన్లో నానమ్మది ఒకటే ప్రశ్న: "నీకింకా డాక్టరు సీటు రాలేదా అమ్మాయ్?"

ఇక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ, ఆ తర్వాత మెడికల్ స్కూలు ఇంకో నాలుగేళ్లు. ప్రీ-మెడ్ అనేది డిగ్రీ పేరు కాదు. డిగ్రీలో ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నా సరే, మెడికల్ స్కూళ్లు అడిగే కోర్సులు అందులో ఇరికించుకోవాలి. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్ సాధారణంగా తలా ఏడాది, ల్యాబులతో సహా. పైన బయోకెమిస్ట్రీ, ఇంగ్లిష్, చాలాచోట్ల స్టాటిస్టిక్స్.

నేను తెలివి చూపించబోయాను. హైస్కూల్లో ఏపీ కెమిస్ట్రీ (ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) పరీక్ష రాసి ఉన్నాను కదా అని జనరల్ కెమిస్ట్రీ వదిలేసి మొదటి ఏడాదే ఆర్గానిక్‌లో దూకాను. దాని పక్కనే ఫిజిక్స్, బయాలజీ. వారానికి మూడు ల్యాబులు, మూడు రిపోర్టులు. ఆర్గానిక్‌లో సీ ప్లస్ గ్రేడు వచ్చింది. మళ్లీ చదివితే పోతుందిలే అనుకున్నాను. పోదు. ఎక్కువ మెడికల్ స్కూళ్లకి దరఖాస్తు వెళ్లేది ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సర్వీసు ద్వారా. అక్కడ పాత గ్రేడూ, కొత్త గ్రేడూ రెండూ లెక్కలోకి వస్తాయి. సైన్సు, లెక్కల జీపీఏ (గ్రేడ్ల సగటు) విడిగా కూడా తీస్తారు. పైగా కొన్ని స్కూళ్లు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోవు.

ఏడుపు మొహంతో వెళ్తే మా అడ్వైజరు క్యాలెండరు చేతిలో పెట్టి, వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ రమ్మంది. మెడికల్ స్కూల్లో చేరే ఏడాదికి ముందు ఏడాది వేసవి మొదట్లోనే దరఖాస్తు పంపాలి. దానికి ముందే మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రాయాలి. 230 ప్రశ్నలు, విరామాలతో కలిపి ఏడున్నర గంటలు. 2015 నుంచి అందులో సైకాలజీ, సోషియాలజీ కూడా ఉన్నాయి. బయోకెమిస్ట్రీ ఆ పరీక్షకి ముందే అయిపోవాలి. ఇదంతా మూడేళ్లలో కుక్కితే మళ్లీ సీ ప్లస్సులే. అందుకని డిగ్రీ అయ్యాక ఒక ఏడాది గ్యాప్ పెట్టుకున్నాను. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మన ఇళ్లలో గ్యాప్ అంటే ఫెయిల్ అనే కదా అర్థం.

అనుభవం సంగతి వేరే. ఆసుపత్రిలో వాలంటీరుగా నా పని వీల్‌చైర్లు తొయ్యడం, దుప్పట్లు అందించడం. ఒకరోజు, ఇక్కడున్న తన పిల్లల దగ్గరికి ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ "కడుపులో దేవినట్టుంది తల్లీ" అంది. నేను హుషారుగా నర్సుకి ఇంగ్లిష్‌లో చెప్పబోతే నర్సే ఆపేసింది. వైద్యం మాటలు వాలంటీర్లు అనువదించకూడదట. వీడియోలో దుబాసీ వచ్చేదాకా నేను ఆ పెద్దావిడ పక్కన నిలబడ్డాను, అంతే. ఆమె మాత్రం నా చెయ్యి వదల్లేదు. ల్యాబులో ఏడాదిన్నర చేసిన రీసెర్చ్ కంటే దరఖాస్తులో ఈ సంగతి రాయడమే నాకు తేలికైంది. దరఖాస్తులో 15 అనుభవాలు రాసుకోవచ్చు, ప్రతిదానికీ ఎన్ని గంటలు చేశామో వెయ్యాలి. మొదటి రెండేళ్ల గంటలు నేనెక్కడా రాసుకోలేదు. పాత ఈమెయిళ్లు తవ్వి తీశాను.

మాకు అప్పటికే గ్రీన్ కార్డు రావడం అదృష్టం. చాలా స్కూళ్లు వీసా మీద ఉన్నవాళ్ల దరఖాస్తే తీసుకోవు.

ఈ ఆగస్టులో చేరుతున్నాను. గుంటూరు వాడు అప్పటికి హౌస్ సర్జన్. సీటొచ్చిందని నానమ్మకి ఫోన్ చేసి చెప్పాను. సంతోషపడి, కాసేపాగి అడిగింది: "మరి ఈ ఐదేళ్లూ ఏం చదివావే?"