పై పోర్షన్ అద్దెకిస్తారా?

ఈ రోజు మంగళవారం. మానసిక జబ్బులున్నవారిని జనం ఎలా చూస్తారో తెలుసుకునే మా ప్రశ్నావళిని అసలు సర్వేకు ముందు నలుగురైదుగురికి వినిపించి చూద్దామని ఉదయం హైదరాబాద్‌లోని బోరబండ వెళ్లాను. ఒక్క ఇంట్లోనే గంటన్నర గడిచిపోయింది.

మానసిక రోగుల గురించి మీ అభిప్రాయం ఏమిటని నేరుగా అడిగితే చాలామంది మర్యాదకు నాలుగు మంచి మాటలు చెబుతారు, లేదా ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తి మాట దాటేస్తారు. అందుకే జబ్బు పేరు ఎక్కడా రానీయకుండా ఒక కల్పిత వ్యక్తి కథను ఏడెనిమిది వాక్యాల్లో చదివి, ఆ మనిషికి ఏమైందనుకుంటున్నారు, ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఆ మనిషితో మీరు ఎంత దగ్గరగా మెలగగలరు అని అడుగుతాం. విన్యెట్ అనే ఈ పద్ధతిని 1950లో అమెరికాలో షర్లీ స్టార్ అనే పరిశోధకురాలు వాడినప్పుడు, ఆమె వినిపించిన ఆరు కథల్లో అందరినీ అనుమానిస్తూ దాడికి దిగే మనిషి కథను మాత్రమే ఎక్కువమంది మానసిక జబ్బుగా గుర్తించారు.

నా కథ కుంగుబాటుది. సగం ఫారాల్లో లక్ష్మి, సగం ఫారాల్లో రాజు; మిగతా కథంతా ఒకటే, ఎందుకంటే జవాబుల్లో తేడా వస్తే అది ఆడ, మగ అన్న భేదం వల్లే వచ్చిందని అప్పుడే చెప్పగలం. తెలుగులో పేరు మారిస్తే క్రియలూ మారతాయి, అది సులువే. కానీ మొదట నేను రాసిన "వంట మానేసింది" అన్న వాక్యం రాజుకు అతకలేదు. ఇద్దరికీ సరిపడేలా "పనికి వెళ్లడం మానేసింది", "మానేశాడు" అని మార్చాను.

ఆ ఇంటి పెద్దావిడ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ లక్ష్మి కథ విన్నది. రెండు వారాలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, తాను ఎందుకూ పనికిరానని అనుకుంటోంది అని చదవగానే చేతిలోని కాయను అలాగే పట్టుకుని, "పదిహేను దినాలకే రోగమంటరా బిడ్డా?" అని అడిగింది. ఆ గడువు రోగ నిర్ధారణ ప్రమాణాల నుంచి తీసుకున్నది. ఆమె లెక్కలో మాత్రం పదిహేను రోజుల దిగులు రోగం కాదు, అలసట. గాలి సోకిందని గానీ, పిచ్చి అని గానీ ఆమె ఒక్కసారీ అనలేదు. "ఆమెకు ఆలోచనలు ఎక్కువైనయ్, డాక్టరుకు చూపియ్యాలె" అన్నది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పొరుగున ఉండనిస్తారా అన్న ప్రశ్నకు ఇంతకుముందు అందరూ సరేననేవారు, ఆ బస్తీల్లో పొరుగును ఎవరూ ఎంచుకోరు కనుక. అందుకే ఈసారి, మీ పై పోర్షన్ లక్ష్మికి అద్దెకిస్తారా అని అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మా ఇంటికి రానీ, బువ్వ పెడ్త, ముచ్చట పెడ్త. పోర్షనంటే మాత్రం మా కొడుకును అడగాలె" అన్నది. ఆ జవాబు నాకు బలంగా తగిలింది. అమెరికాలో 1996, 2006 సర్వేలను పోల్చినప్పుడు జబ్బుకు మెదడులో మూలం ఉందని నమ్మేవారు పెరిగినా, దూరంగా ఉంచాలనుకోవడం తగ్గలేదు. కుంగుబాటు విషయంలో ఆ దూరం తగ్గినట్టు 2018లో గానీ కనబడలేదు. డాక్టరుకు చూపించాలని చెప్పడానికీ, ఇంటి తాళంచెవి ఇవ్వడానికీ మధ్య ఎంత దూరముందో ఆ మెట్ల మీద కళ్లారా చూశాను.

లేచేటప్పుడు, "ఆ లక్ష్మి ఇప్పుడెట్లున్నది?" అని ఆరా తీసింది. అది కల్పిత కథేనని చెప్పి, ఎవరికైనా అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేయవచ్చని 14416 నంబరు ఇచ్చాను. క్యాలెండరు మీద, గ్యాస్ బండ వచ్చిన తేదీ పక్కన పెద్దగా రాయించుకుంది.

రాత్రి ఫారం ముందేసుకుని కూర్చున్నాను. "ఒప్పుకుంటాను", "ఒప్పుకోను" గళ్ల పక్కన "ఇంట్లోవాళ్లను అడగాలి" అన్న మూడో గడి చేర్చి, ఎవరిని అడగాలో రాసుకోవడానికి కింద ఒక గీత గీశాను. రెండు వారాల వాక్యాన్ని మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.