తాలింపు వేయకూడని పులుసు

మా వాడి లెక్కలో కూర వేరు, కర్రీ వేరు. కూరంటే నేను వండేది: దొండకాయ, బెండకాయ, గోరుచిక్కుడు, అన్నంలో కలిపి పెడితే పేచీ పెడుతూ తినేది. కర్రీ అంటే చేపా, వేలి లావు బంగాళదుంప ముక్కలూ (వాటినే ఇక్కడ చిప్స్ అంటారు) వేయించి అమ్మే చిప్ షాపులో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసిచ్చే పసుపుపచ్చ సాస్. దాన్ని పొగలు కక్కే చిప్స్ మీద పోసుకుని చెక్క ఫోర్కుతో పొడుచుకు తినాలి. రెండో క్లాసులో ఉండగా టీచరు "మీ ఇంట్లో కర్రీ ఎక్కువ తింటారా?" అని అడిగిందట. "లేదు, శుక్రవారం మాత్రమే" అన్నాడట. రోజూ రెండు పూటలా కూర వండే నా దగ్గరికొచ్చి ఈ ముక్క ఎంతో గొప్పగా చెప్పాడు.

తప్పు పట్టడానికీ లేదు. మనకి ఇగురు, పులుసు, వేపుడు, ముద్దకూర అని దేని పేరు దానికుంది. అన్నిటినీ కర్రీ అని ఒకే గాటన కట్టింది ఇంగ్లీషు వాళ్ళు. మా వాడు ఆ మాటని వాళ్ళకే వదిలేశాడు.

మేముండేది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో. వచ్చి పదకొండేళ్ళయింది, వాడికి తొమ్మిది. ఇక్కడ యార్క్‌షైర్‌లో రాత్రి భోజనాన్ని 'టీ' అంటారని నాకు తెలిసేసరికి పరువు కాస్తా పోయింది. మా వాడి స్నేహితుడు సాయంత్రం 'టీకి' వస్తున్నాడంటే, అల్లం దంచి టీ పెట్టి, బిస్కెట్లు, నాలుగు చేగోడీలు ప్లేట్లో పెట్టాను. ఆ పిల్లాడు పాపం రెండు బిస్కెట్లు తిని, ఆరింటి దాకా వంటింటి వైపు చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళమ్మ వచ్చి "టీకి ఏం తిన్నావురా?" అని అడిగితే "టీ" అన్నాడు. ఆ రాత్రి మా వాడు నాతో మాట్లాడలేదు.

మర్నాడే వాళ్ళిద్దరినీ మా వీధి చివర చిప్ షాపుకి తీసుకెళ్ళాను, పరిహారంగా. కర్రీ సాస్ మా జీవితంలోకి వచ్చింది అలాగే. ఆ తర్వాత ప్రతి శుక్రవారం సాయంత్రం అదే ఆనవాయితీ. శుక్రవారం ఇక్కడ బళ్ళలో కూడా చాలావరకు చేపా చిప్సే పెడతారు. వెనకటికి క్రైస్తవులు ఆ రోజు మాంసం మానేసి చేప తినేవాళ్ళు, ఇప్పుడు ఉపవాసం పోయి చిప్స్ మిగిలాయి. మా షాపులో అడిగితే 'స్క్రాప్స్' కూడా ఊరికే వేస్తారు. చేప వేయించేటప్పుడు నూనెలో రాలిన పిండి తునకలు, మన బజ్జీల బండి మూకుట్లో తేలే పలుకుల్లాంటివి. వాటి మీద ఆ సాస్ పడితే... అబద్ధమెందుకు, నేనూ వేళ్ళు నాకినదాన్నే.

రెండేళ్ళు అలా గడిచాక, వాన పడుతున్న ఒక సాయంత్రం క్యూలో నిలబడి, వేరే పని లేక గోడ మీద బోర్డు చదివాను. తరతరాల పద్ధతిలో బీఫ్ డ్రిప్పింగ్‌లో వేయిస్తామని గర్వంగా రాసుంది. డ్రిప్పింగ్ అంటే ఏమిటో ఫోన్లో వెతికాను. గొడ్డుకొవ్వు. దేశంలో చాలాచోట్ల నూనెలోనే వేయిస్తారు గానీ, యార్క్‌షైర్ వాళ్ళకి ఈ కొవ్వులో వేగితేనే చిప్. వాళ్ళు దాచిందేమీ లేదు. బోర్డు మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది, చదవనిది నేను.

మా ఆయనకి చెబితే "తెలియక తిన్నదానికి దోషం లేదులే" అని తేల్చేశారు. ఒక్క క్షణం ఆగి, "అందుకా అంత రుచి!" అన్నారు.

పెద్దవాళ్ళకి నచ్చజెప్పడం సులువే. మా వాడు మాత్రం కోర్టులో లాయరులా తగులుకున్నాడు. "కోడి తింటాం, మేక తింటాం, చేప తింటాం. మరి ఆవేం చేసింది?" పాలిస్తుంది కదా నాన్నా, తల్లి లాంటిది అన్నాను. "మేక కూడా పాలిస్తుంది" అన్నాడు. ఇదే ప్రశ్న నేను మా అమ్మమ్మని అడిగి ఉంటే వీపు మీద ఒకటి పడేది. అది కూడా ఒక జవాబే, ఇక్కడ చెల్లదు. చివరికి "మనింట్లో తినం, అంతే" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ఓకే. హలాల్ లాగా అన్నమాట" అని ఊరుకున్నాడు. వాడి క్లాసులో ఒకరికి పంది పడదు, ఒకరికి వేరుశనగ పడదు, ఒకరు గుడ్డు కూడా తినరు. తినకూడనిది ఒకటి ఉండటం వాడికి వింతేమీ కాదు. అరగంట సేపు దానికి నేను కారణాలు వెతకడమే వాడికి వింతగా ఉన్నట్టుంది.

ఉత్త నూనె వాడే షాపు ఇంకొకటుంది, రెండు బస్సులు మారాలి. చిప్స్ ఇంట్లో చేయడం పెద్ద విద్యేం కాదు. మారిస్ పైపర్ అనే దుంపలు దొరుకుతాయి, వాటిని వేలి లావున కోసి, కడిగి, తుడిచి, ముందు సన్నసెగ మీద మెత్తబడేదాకా వేయించి తీసేయాలి. బాగా ఆరాక, నూనె కాగనిచ్చి మళ్ళీ వేయించాలి. చివర్లో ఉప్పు, వెనిగర్.

"మరి కర్రీ సాస్? నువ్వు చేయగలవా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. తెనాలి ఆడపడుచుని పట్టుకుని కర్రీ చేయడం వచ్చా అని అడుగుతాడా!

మొదటిసారి ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, టమాటా, ధనియాల పొడి, కాస్త కొబ్బరి వేసి, నూనె పైకి తేలేదాకా మగ్గించి మిక్సీ పట్టాను. పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు. ఇల్లంతా ఘుమఘుమలాడింది. వాడు చిప్ ముంచి నోట్లో పెట్టుకుని, నేను బాధపడతానేమోనని మెల్లగా నమిలి, "అమ్మా, ఇది బాగుంది. కానీ ఇది కూర" అన్నాడు.

తర్వాతి వారం కరివేపాకు మానేశాను. "ఇంకా కూరే." ఆ పై వారం ఆవాలూ మిరపకాయలూ మానేశాను. "కొంచెం కర్రీ, ఎక్కువ కూర." బయటి నుంచి తెచ్చే ఆ పిండినీళ్ళ కోసం ఇంత పరీక్షా అని నాకు ఒళ్ళు మండింది. నోటి దాకా వచ్చిన తిట్టు మింగాను గానీ, దానికో కారణముంది.

కిందటేడు మా ఆఫీసులో ఒకావిడ నా మీద అభిమానంతో గోంగూర చేసి తెచ్చింది. ఇక్కడ గోంగూర దొరకలేదని, పాలకూర ఉడికించి నిమ్మకాయ పిండిందట. పైకి చాలా బాగుందన్నాను. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పి నవ్వాను, మా అమ్మకి ఫోన్ చేసి చెప్పి నవ్వాను. పుల్లగా ఉన్నంత మాత్రాన గోంగూరైపోతుందా అన్నాను. మా వాడు అప్పుడు పక్కనే కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్నాడు. పచ్చగా ఉన్నంత మాత్రాన కర్రీ సాస్ అయిపోతుందా అని వాడిప్పుడు అంటే, ఏ మొహం పెట్టుకుని కసరను?

కాబట్టి సిగ్గు విడిచి షాపుకే వెళ్ళాను. సాస్‌లో గొడ్డు సంబంధమైనదేమైనా ఉందా అని అడిగి, లేదంటే ఒక డబ్బా సాస్ కొని, ఎలా చేస్తారని అడిగాను. కౌంటరు దగ్గరున్నావిడ వాళ్ళది హాంకాంగ్ నుంచి వచ్చిన కుటుంబం. నవ్వి, "పౌడరు, వేడినీళ్ళు. అంతే" అంది. పెద్ద డబ్బాల్లో పొడి వస్తుందట, నీళ్ళలో కలిపి మరిగించడమేనట. "మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ మాత్రం ఆపిల్ వేసి చేసేది" అని కలిపింది. ఆవిడ వెనక స్టూలు మీద పదేళ్ళ పిల్ల ఒకతె లెక్కలు చేసుకుంటోంది. తల్లి ఏదో వాళ్ళ భాషలో అడిగితే, ఆ పిల్ల తల ఎత్తకుండా ఇంగ్లీషులో జవాబిచ్చింది. అచ్చం మా ఇంట్లో లాగే.

1960లు, 70లలో హాంకాంగ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఈ దేశంలో ఊరూరా చిప్ షాపులు నడిపాయి. మసాలా మన వైపుది, పొడి ఇంగ్లీషు వాళ్ళది, చెయ్యి చైనా వాళ్ళది. ఇంగ్లీషు వాళ్ళకి కర్రీ మోజు నిన్నామొన్నటిది కూడా కాదు. 1747లో హానా గ్లాస్ అనే ఆవిడ అచ్చువేసిన వంటల పుస్తకంలోనే కర్రీ ఉంది, మిరియాలూ ధనియాలూ వేసి. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1810లో లండన్‌లో భారతీయ భోజనశాల తెరిచి, రెండేళ్ళకి దివాలా తీశాడు. ఇవన్నీ నాకు ముందు తెలియవు. మా వాడితో వాదించి గెలవడానికి చదివాను, చదివి ఓడిపోయాను.

కర్రీ పౌడర్ డబ్బా మీద 'మద్రాస్' అని ఉంటుంది. ఈ దేశంలో మద్రాస్ అంటే ఊరు కాదు, కారానికి కొలత. కోర్మా అంటే చప్పన, మద్రాస్ అంటే ఘాటు, విండలూ అంటే ఇంకా ఘాటు. ఇంతా చేసి 'మైల్డ్ మద్రాస్' అని ఇంకొకటి. మా తాతయ్య పుట్టినప్పుడు తెనాలి మద్రాసు కిందే ఉండేది, ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడింది 1953లో కదా. ఆ వరసన నాకూ కాస్త హక్కుందనుకుని డబ్బా కొన్నాను. మూత తీస్తే మెంతుల వాసన గుప్పుమంది. షాపు ముందు వచ్చే వాసన అదే. ఇన్నాళ్ళూ అదేమిటా అనుకుంటూ తిరిగాను, మా వంటింట్లో మెంతుల సీసా పెట్టుకుని.

ఇక కుదిరిన పద్ధతి చెబుతాను. రెండు ఉల్లిపాయలు, ఒక చిన్న కేరట్, సగం బ్రామ్లీ ఆపిల్ సన్నగా తరగాలి. బ్రామ్లీ అంటే పచ్చిగా తినలేనంత పులుపుండే వంట ఆపిల్, మన మామిడికాయ చేసే పని చేస్తుంది. రెండు చెంచాల నూనెలో ఇవన్నీ, రెండు వెల్లుల్లి రెబ్బలతో సహా, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గించాలి. ఉల్లిపాయ రంగు మారకూడదు. చదవడానికి తేలికే, కానీ ముప్ఫై ఏళ్ళుగా ఉల్లిపాయ ఎర్రబడితే తప్ప తర్వాతది వేయని చెయ్యి ఊరుకోదు. నాలుగుసార్లు గరిటె పట్టుకుని నన్ను నేనే ఆపుకున్నాను.

తర్వాత రెండు చెంచాల కర్రీ పౌడర్, అర చెంచా పసుపు వేసి అర నిమిషం తిప్పాలి. ఎక్కువసేపు ఉంచితే మెంతులు మాడి చేదెక్కుతుంది, ఒక వారం అదీ అయింది. ఒక పెద్ద చెంచా మైదా వేసి కలిపి, అర లీటరు నీళ్ళు కొంచెం కొంచెంగా పొయ్యాలి. ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది, ఇంకో వారం అదయింది. ఒక అనాసపువ్వు వేసి ఇరవై నిమిషాలు మరగనివ్వాలి. ఆ అనాసపువ్వే అసలు కిటుకు. షాపు సాస్ చెంచాతో నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటే తగిలిన తీపి వాసన అదే, చైనా చెయ్యి అన్నానే, అది. ఎక్కడ దొరుకుతుందా అని వెతకబోయాను. నా బిర్యానీ సామాన్ల డబ్బాలోనే ఉంది.

మరిగాక పువ్వు తీసేసి, మిక్సీ పట్టి, వడకట్టి, ఉప్పు, ఒక చెంచా పంచదార, నాలుగు చుక్కల వెనిగర్. దోసెల పిండి కంటే పలచన, రసం కంటే చిక్కన. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. నూనె పైకి తేలిందంటే కూరలోకి దిగినట్టే.

ఏడో శుక్రవారం వాడు చిప్ ముంచాడు. నమిలాడు. ఇంకొకటి ముంచాడు. ఏమీ అనలేదు, గిన్నె తన వైపు లాక్కున్నాడు.

ఈ మే నెలలో అత్తయ్య వచ్చారు, ఆరు నెలల వీసా మీద. డ్రిప్పింగ్ సంగతి ఆవిడకి ఇప్పటిదాకా ఎవరమూ చెప్పలేదు, చెప్పం. శుక్రవారం మనవడు ఎంతో ముచ్చటగా తన గిన్నె చూపించి, ఒక చిప్ ముంచి నోట్లో పెట్టాడు. అత్తయ్య చప్పరించి, "మజ్జిగపులుసులో మజ్జిగ పొయ్యడం మర్చిపోయావా అమ్మాయ్?" అన్నారు. ఇంకాసేపు ఆలోచించి, "తిరగమోత కూడా మర్చిపోయినట్టున్నావ్" అని లేచి పోపుల డబ్బా అందుకోబోయారు. మా వాడు రెండు చేతులూ గిన్నె మీద అడ్డం పెట్టి, "నో తిరగమోత, నానమ్మా!" అని అరిచాడు. ఆ మాట వాడి నోట వినడం నేను అదే మొదటిసారి.

ఆవిడే దానికి పచ్చపులుసు అని పేరు పెట్టారు. ఊళ్ళో అందరికీ ఫోన్లో చెప్పారు. మా తోటికోడలు పచ్చిపులుసు అనుకుని, "లండన్‌లో చింతపండు బాగా దొరుకుతుందా అక్కా?" అని నన్నడిగింది. మాది లండన్ కాదని చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

మొన్న శుక్రవారం అర గిన్నె మిగిలింది. పిల్లాడు పడుకున్నాక నేనూ అత్తయ్యా వంటింట్లో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండు ఎండుమిర్చి, చిటికెడు ఆవాలు, ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు. చుయ్యిమన్న చప్పుడు పైకి వినబడకుండా నేను చిమ్నీ ఫ్యాన్ వేశాను. వేడన్నంలో కలుపుకుని, నిలబడే తిన్నాం. బాగుంది. ఎంత తిన్నా ఇంకా నాలుగు చెంచాలు మిగిలితే, ఎందుకు పారెయ్యడమని ఫ్రిజ్‌లో పెట్టాను.

పొద్దున్నే మా వాడు పాల కోసం ఫ్రిజ్ తలుపు తీశాడు. వాసన పట్టినట్టున్నాడు, గిన్నె మూత తీశాడు. అందులోంచి ఒక కరివేపాకు రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని మా ఇద్దరి వైపూ తిరిగాడు.

"హూ డిడ్ దిస్?"

అత్తయ్య నా వైపు చూశారు. నేను అత్తయ్య వైపు చూశాను.