మైలేజ్ 9.4 నుంచి 13.1 దాకా: మా పికప్‌తో మూడు నెలలు

ఆగస్టులో ఒక రాత్రి, రెండున్నర అవుతుంది. బత్తాయి లోడుతో పంతంగి టోల్ దాటాను. ముందు ఒక సిమెంటు లారీ నిదానంగా పోతోంది. దాన్ని దాటేద్దామని కుడి లేన్‌లోకి వచ్చి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. అర కిలోమీటరు దూరం లారీ పక్కపక్కనే పోయాను. వెనక ఒక బస్సు, హారన్ మీద హారన్. చివరికి నేనే తగ్గి మళ్లీ లారీ వెనక్కి చేరాను. అద్దంలో చూస్తే బస్సు లైట్ల వెలుగులో నా బండి వెనకాల నల్లటి పొగ మబ్బులా లేచి ఉంది.

మాది కనగల్ దగ్గర ఊరు. ఆరెకరాల బత్తాయి తోట ఉంది. మా కాయతో పాటు చుట్టుపక్కల రైతుల కాయ కూడా కిరాయికి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తోలుతాను. రానుపోను 190 కిలోమీటర్లు. బండి 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్ పికప్, కాగితాల మీద 75 గుర్రాల శక్తి. కొన్నప్పుడు లోడుతో పోయి ఖాళీగా వస్తే లీటరుకు పన్నెండున్నర ఇచ్చేది. అది ఎప్పుడు తగ్గిందో నాకు తెలియనే లేదు. ఒక్కరోజులో తగ్గితే తెలిసేది. నెలకు కాస్త చొప్పున పోతుంటే చేతికి, చెవికి అలవాటైపోతుంది. మూడో గేరులో ఎక్కే ఎత్తును రెండో గేరులో ఎక్కుతూ, లోడు ఎక్కువైంది కాబోలు అనుకునేవాణ్ని. మా నాయన మాత్రం బంకు చీటీలన్నీ ఒక డబ్బాలో దాచిపెడతాడు. ‘పోయినేడు ఇదే ట్రిప్పుకు పదిహేను లీటర్లు పోసినవు, ఇప్పుడు ఇరవై పోస్తున్నవు, డీజిల్ ఎటు పోతుందిరా’ అని ఆయన అడిగాకే కూర్చుని లెక్క చూశాను.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. ఫోన్లో వీడియోలు చూసి ట్యాంకులో పోసే మందు సీసా ఒకటి కొన్నాను. రెండు ట్యాంకులు వాడినా తేడా ఏమీ కనిపించలేదు. తర్వాత హైదరాబాద్‌లో ఒక షాపతను ఇంజన్ కంప్యూటర్‌కు చిప్ పెడతానన్నాడు. 18 వేలు, గంట పని, 20 హెచ్‌పీ పెరుగుతుంది, మైలేజ్ కూడా పెరుగుతుందని చెప్పాడు. దాదాపు ఒప్పుకున్నాను. డబ్బులిచ్చే ముందు నల్లగొండలో మా పాత మెకానిక్ మేస్త్రీకి ఫోన్ చేశాను. ఆయన ఒక్కటే అడిగాడు: ‘తమ్మీ, నల్ల పొగ వస్తుందన్నవు కదా. నల్ల పొగంటే డీజిల్ ఎక్కువై గాలి తక్కువైందని. ఆ చిప్ చేసే పని ఇంకింత డీజిల్ పోయించుడే. గాలి ఎక్కడి నుంచి తెస్తవు?’

ఆ మాటతో నా ఆలోచన మారిపోయింది. అప్పటిదాకా శక్తి వేరు, మైలేజ్ వేరు, ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది అనుకునేవాణ్ని. కొత్త బండికి అది కొంత నిజమే కావచ్చు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన డీజిల్ బండిలో మాత్రం రెండూ ఒకే బొక్కలోంచి కారిపోతాయి. కాలకుండా పొగగా పోయే డీజిల్ శక్తినీ ఇవ్వదు, కిలోమీటర్లనూ ఇవ్వదు. కొత్తగా ఏదో తగిలించే ముందు పోయింది ఎక్కడ పోయిందో చూడాలి.

ముందు కొలత సరిచేయమన్నాడు మేస్త్రీ. మీటర్ బోర్డులో ముల్లును నమ్మొద్దు. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు. గన్ తనంతట తాను ఆగేదాకా ఫుల్ ట్యాంక్, ట్రిప్పు మీటర్ సున్నా. తిరిగొచ్చాక మళ్లీ అలాగే ఫుల్. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్కసారి చూస్తే లెక్క తప్పుతుంది కాబట్టి మూడుసార్లు చూశాను. 9.3, 9.6, 9.4 వచ్చింది.

శక్తిని కొలవడానికి మన దగ్గర మిషన్ ఏముంటుంది? నార్కట్‌పల్లి దగ్గర హైవే చదునుగా ఉన్నచోట, బండ్లు లేని వేళ, నాలుగో గేరులో 40 నుంచి 70 స్పీడుకు ఎన్ని సెకన్లు పడుతుందో చూశాం. పక్క సీట్లో మా బామ్మర్ది ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. లోడు 1.2 టన్నులు, కాంటా మీద బండితో కలిపి మొత్తం మూడు టన్నులు. 31 సెకన్లు పట్టింది. ఇంటర్ ఎంపీసీ చదివే మా మేనకోడలు ఆ కాగితం తీసుకుని లెక్క వేసింది. మూడు టన్నుల బరువు ఆ రెండు స్పీడుల మధ్య 382 కిలోజౌళ్ల శక్తి పుంజుకోవాలట. 31 సెకన్లతో భాగిస్తే 12 కిలోవాట్ల పైచిలుకు, అంటే సుమారు 17 గుర్రాలు. గాలిని, రోడ్డును తట్టుకోవడానికి పోయేది పోగా బండిని ముందుకు ఉరికించడానికి నాకు మిగిలింది అంతే. ఆ 17 అంకె చూశాక లారీని ఎందుకు దాటలేకపోయానో పూర్తిగా అర్థమైంది.

షెడ్డులో మేస్త్రీ మొదట ఎయిర్ ఫిల్టర్ విప్పాడు. నేల మీద తడితే దోసెడు ఎర్రమట్టి రాలింది. తోటల్లోకి, చెల్కల బాటల్లోకి పోయే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క పనికిరాదు, దుమ్ము లెక్కే లెక్క అన్నాడు. డీజిల్ ఫిల్టర్ కూడా మార్చాడు. దాని అడుగున ఉండే నీళ్ల స్క్రూ వదులు చేస్తే అరగ్లాసు నీళ్లు వచ్చాయి. పొగ కొంచెం తగ్గింది గానీ పోలేదు.

అసలు దొంగ రెండో రోజు దొరికాడు. టర్బో గాలిని నొక్కి, దాన్ని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పంపే రబ్బరు పైపు ఉంటుంది. దాని మీద చెయ్యి పెట్టి చూస్తే నూనె జిడ్డు తగిలింది. మేస్త్రీ ఆ పైపు దారికి రెండువైపులా మూతలు బిగించి, టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో 15 పౌండ్ల గాలి లోపలికి వదిలాడు. సబ్బు నీళ్లలో ముంచిన బ్రష్‌తో పైపంతా పూశాడు. పైభాగమంతా బాగానే ఉంది. కింది క్లిప్పు దగ్గరికి రాగానే నురగ బుసబుసమని పొంగింది. క్లిప్పు విప్పి పైపును వంచితే చిటికెన వేలు పొడవు చీలిక, పెదవుల్లా విచ్చుకుంది. చెయ్యి తీస్తే మళ్లీ మూసుకుపోయింది. బండి నిలబడి ఉన్నప్పుడు ఎవరు చూసినా అది కనబడదు. లోడు మీద టర్బో గట్టిగా ఊదినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది. టర్బోకు ముందున్న సెన్సర్ గాలిని లెక్కపెట్టి, ఇంత గాలి పోయింది కాబట్టి ఇంత డీజిల్ పోయొచ్చని ఈసీఎంకు, అంటే ఇంజన్ కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ గాలిలో సగం దారిలోనే బయటికి పోతుంటే డీజిల్‌కు కాలడానికి గాలి చాలదు. అదే నా నల్ల పొగ. ఈ స్థితిలో చిప్ పెట్టించి ఉంటే పెరిగిన వేడికి టర్బో కూడా పోయేదని మేస్త్రీ అన్నాడు. నాకు చెమటలు పట్టాయి.

కొత్త పైపు, రెండు కొత్త క్లిప్పులు. అదే చోట, అంతే లోడుతో మళ్లీ సెకన్లు చూశాం. 22. మైలేజ్ 11.2. ఆ ట్రిప్పులో బండి నడుపుతుంటే నా కాలు నాకే కొత్తగా అనిపించింది. సగం తొక్కితే చాలు, లాగుతోంది.

ఇంకా పన్నెండున్నర రాలేదు. ఈసారి బండి షెడ్డుకు వచ్చిన వెంటనే మేస్త్రీ నాలుగు చక్రాల మీద చేత్తో నీళ్లు చిలకరించాడు. మూడు చక్రాల మీద నీళ్లు ఊరికే జారిపోయాయి. ఎడమ వెనక డ్రమ్ము మీద సుయ్యిమని ఆవిరి లేచింది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి పూర్తిగా వదలడం లేదు. అంటే నేను నెలల తరబడి బ్రేకు కాస్త పట్టుకునే నల్లగొండ నుంచి హైదరాబాద్ దాకా తోలుతున్నాను. కేబుల్ మార్చి, లైనర్లు సరిచేశాక చదును నేల మీద న్యూట్రల్‌లో ఇద్దరం నెడితే బండి కదిలింది. అంతకుముందు నలుగురు కావాల్సి వచ్చేది.

తర్వాత ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. ఇక్కడ నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే నాలుగూ మార్చాలంటే ఖర్చు మామూలుగా ఉండదు. వాడగా మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగిపోయే సన్న పైపులను మేస్త్రీ ఊడదీసి నాలుగు చిన్న సీసాల్లో పెట్టాడు. ఇంజన్ కాసేపు నడిపి ఆపితే మూడు సీసాల్లో వేలెడెత్తు, మూడో నంబర్ సీసాలో దానికి రెండింతలు. ఆ ఒక్క ఇంజెక్టరే లోపల అరిగి డీజిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. నాలుగింటినీ డీజిల్ పంపు షాపులో టెస్ట్ చేయించి, ఆ ఒక్కదానికే రిపేరు చేయించాం. ఎవరైనా సీసాల టెస్ట్ చేయకుండా నాలుగూ మార్చాలంటే ఒప్పుకోకండి. మైలేజ్ 12.3కు వచ్చింది.

టెక్సాస్‌లో మా పెద్దనాయన కొడుకు దగ్గర ఫోర్డ్ ఎఫ్-150 ఉంది. అక్కడ దాన్నే పికప్ అంటారు, మన పికప్ పక్కన పెడితే ఏనుగు. లోడు లేకుండా గాలన్‌కు 20 మైళ్లు ఇస్తుందని చెప్పాడు. లెక్క కడితే మన లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. ‘ఆ కంపెనీ 2015 మోడల్‌కు బాడీ మొత్తం అల్యూమినియంతో చేసి మూడు వందల కిలోల దాకా బరువు తగ్గించింది తమ్మీ, అంత ఖర్చు పెట్టి బరువు తగ్గిస్తున్నరంటే చూస్కో’ అన్నాడు. ఆ మాట మీద మర్నాడు ఖాళీ బండిని కాంటా ఎక్కించాను. ఆర్సీలో రాసిన ఖాళీ బరువు కన్నా 165 కిలోలు ఎక్కువ! ముందు కట్టించిన ఇనుప గార్డు, ఎప్పుడో బోరు మోటారు కోసం వేసుకున్న గొలుసులు, రెండు పాత జాకీలు, సీటు వెనక నానిన పట్టాలు, చెక్కలు. ప్రతి ట్రిప్పుకూ ఇవన్నీ హైదరాబాద్ చూసి వస్తున్నాయి. జాకీ ఒకటి, స్టెప్నీ, ఒక పట్టా ఉంచి మిగతావి దించేశాను.

ఖాళీగా వచ్చేటప్పుడు వెనక డాలా, అంటే తొట్టి తలుపు దించితే గాలి సులువుగా పోయి మైలేజ్ పెరుగుతుందని మా డ్రైవర్లలో చాలామంది నమ్ముతారు. అన్నను అడిగితే, అమెరికాలోనూ అదే నమ్మకం ఉందిగానీ అది తప్పని చెప్పాడు. డాలా మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి తిరుగుతూ అక్కడే నిలబడి, పైనుంచి వచ్చే గాలిని దాని మీదుగా జారిపోనిస్తుంది. దించితే ఆ సుడి చెదిరిపోతుంది. నేను దించడం మానేశాను. రోడ్డు మీద డాలా దించి పోవడం వెనక వచ్చేవాళ్లకూ ప్రమాదమే.

టైర్ల గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తే, డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన దానికన్నా వెనక టైర్లలో 14 పౌండ్లు తక్కువ ఉంది. సరిచేశాను, అలైన్‌మెంట్ చేయించాను. ఇక స్పీడు. ఖాళీగా వచ్చేటప్పుడు 80లో వచ్చేవాణ్ని, 65కు తగ్గించాను. గాలి అడ్డు స్పీడు వర్గంతో పెరుగుతుంది. 65 మీద కన్నా 80 మీద ఒకటిన్నర రెట్లు. బాటసింగారం నుంచి నార్కట్‌పల్లి దాకా ఉన్న 50 కిలోమీటర్లలో దీనికి నేను కోల్పోయేది తొమ్మిది నిమిషాలు.

నవంబర్ మొదట్లో మూడు ఫుల్ ట్యాంకులు చూస్తే సగటు 13.1. కాంటా మీద మొత్తం మళ్లీ మూడు టన్నులు వచ్చేలా లోడు వేసి నాలుగో గేరు పరీక్ష మళ్లీ పెడితే 19 సెకన్లు. మేనకోడలు అదే లెక్కతో 27 గుర్రాలు తేల్చింది. అంటే ఇంజన్‌కు ఏమీ తగిలించకుండానే పది గుర్రాలు వెనక్కి వచ్చాయి. ఖర్చు లేబర్‌తో కలిపి 16,200. ట్రిప్పుకు ఐదున్నర లీటర్లు మిగులుతోంది, ఐదు వందల పైమాటే. ముప్పై ట్రిప్పుల్లో ఖర్చు వెళ్లిపోతుంది.

చిప్ షాపతను మళ్లీ ఫోన్ చేశాడు. ఇప్పుడు బండి బాగుంది కదా, ఇంకా బాగా పనిచేస్తుందన్నాడు. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన లెక్కలు మారేలా బండిని మార్చకూడదని. అదొక్కటే కాదు. ఈ క్లచ్, ఈ గేర్ బాక్స్ 75 గుర్రాల కోసం చేసినవి. కిరాయి బండి రోడ్డు మీద ఆగితే మార్కెట్ వేళ దాటిపోయి పక్క రైతు కాయ రేటు పడిపోతుంది. వద్దని చెప్పాను.

క్లచ్ ప్లేట్ ఇంకా మార్చలేదు. లోడు మీద ఐదో గేరు వేసినప్పుడు ఇంజన్ స్పీడు ఒక్క క్షణం పైకి లేచి మళ్లీ దిగుతోంది, జారడం మొదలైందన్నమాట. ఆ ప్లేటు సంక్రాంతి దాకా వస్తుందని మేస్త్రీ అన్నాడు. నాకు మాత్రం ఆగాలని లేదు, ఈ బుధవారం లోడు దించి తిరిగొచ్చాక బండిని షెడ్డులో పెట్టేస్తున్నాను.