ఇంటి భాష దగ్గర తెలుగు అనే రాశాం

మావాణ్ణి ఖమ్మం నుంచి తీసుకొచ్చి డాలస్ ఉత్తర శివార్లలో ఒక ప్రభుత్వ బడిలో ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు, మిగతా కాగితాలన్నీ వదిలేసి ఒక్క పేజీ గురించే అందరూ సలహాలిచ్చారు. హోమ్ లాంగ్వేజ్ సర్వే అంటారు దాన్ని, ఇంట్లో ఏ భాష, పిల్లాడిది ఏ భాష అని అడుగుతారు. "ఇంగ్లిష్ అని రాసెయ్యండి, లేకపోతే ఈఎస్‌ఎల్‌లో వేస్తారు, వెనకబడ్డ పిల్లల్లో కలిపేస్తారు" అని మా అపార్ట్‌మెంట్‌లో దాదాపు అందరిదీ ఒకే మాట. ఈఎస్‌ఎల్ అంటే ఇంటి భాష ఇంగ్లిష్ కాని పిల్లలకి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి బడి ఇచ్చే సాయం. మా ఇంట్లో అత్తయ్యతో సహా అందరం తెలుగే, వాడి కలవరింతలు కూడా తెలుగే. తెలుగు అనే రాశాం.

తర్వాత బడి వాళ్లు ఇంగ్లిష్ వినడం, మాట్లాడడం మీద పరీక్ష పెట్టారు. రెండో తరగతి నుంచైతే చదవడం, రాయడం కూడా ఉంటాయి. ఆ ఫలితం చూసి ఈఎస్‌ఎల్ కావాలో వద్దో ఎల్‌ప్యాక్ అనే బడి కమిటీ నిర్ణయిస్తుంది, అందులో ఒక పేరెంట్ కూడా ఉంటారు. చేరిన నాలుగు వారాల్లోపు ఇది తేల్చాలని టెక్సస్ నిబంధన. ఈఎస్‌ఎల్ వద్దనే హక్కు మనకుంది, కానీ వద్దన్నా ఇంగ్లిష్ ఎంతవరకు వచ్చిందో చూసే టెల్‌పాస్ అనే పరీక్ష మాత్రం ఏటా తప్పదు. మేం సరేనని సంతకం పెట్టాం. ఈ సాయం బడి దయతో ఇచ్చేది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనీస్ పిల్లల కేసులో, అందరికీ అవే పుస్తకాలు, అదే టీచరు ఉన్నంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

కాగితాల పని సులువుగానే అయిపోయింది, అసలు టెన్షన్ క్లాసులో మొదలైంది. మావాడు నోరు విప్పట్లేదని, అడిగితే అవునో కాదో చెప్పట్లేదని, మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూడడని, లెక్కల టైములో వేళ్లతో ఆడుకుంటూ కూర్చుంటాడని క్లాస్ టీచర్ నుంచి మెయిల్. చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పేరెంట్ మీటింగ్‌కి అత్తయ్యను కూడా తీసుకెళ్లాను, బడి నుంచి వచ్చాక వాణ్ణి చూసుకునేది ఆవిడే కాబట్టి. ముందే అడిగితే ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ని పెట్టారు, డబ్బులేమీ తీసుకోలేదు. దయచేసి ఇది అందరూ అడగండి, పిల్లల చేత అనువాదం చేయించకండి. అత్తయ్య నేరుగా చెప్పుకొచ్చారు: వాడు తల అటూ ఇటూ ఊపితే సరే అని అర్థం, పెద్దవాళ్లు మందలిస్తుంటే తల దించుకోవడం మేం నేర్పిన మర్యాద. వేళ్ల సంగతి వచ్చేసరికి ఆవిడ తన చెయ్యే చాపి చూపించారు. బొటనవేలితో ఒక్కో వేలి మీద మూడేసి గీతలు లెక్కపెడితే నాలుగు వేళ్లకి పన్నెండు. వాడు ఆడుకోవట్లేదు, కూడికలు చేస్తున్నాడు!

ఆ టీచరు గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మర్నాడే వాణ్ణి ఆ లెక్క క్లాసంతటికీ చూపించమంది, మూడో ఎక్కానికి దాన్నే వాడుకుంది. వాడి పేరు సరిగ్గా పలకడానికి నా దగ్గర వాయిస్ మెసేజ్ తీసుకుంది. ఈఎస్‌ఎల్ టీచరైతే ఇంట్లో తెలుగు ఆపొద్దని, కథలు తెలుగులోనే చెప్పమని గట్టిగా చెప్పింది, కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్లు మాట్లాడకుండా వింటూ ఉండడం మామూలేనని కూడా. ఇంటి నుంచి వచ్చే జ్ఞానాన్ని పాఠంలోకి తెచ్చుకోవడం మీద అమెరికాలో చాలా పరిశోధనే ఉంది. అరిజోనాలోని టూసాన్‌లో లూయిస్ మోల్ అనే విద్యా పరిశోధకుడి బృందం టీచర్లను మెక్సికన్ కుటుంబాల ఇళ్లకు పంపింది నేర్పడానికి కాదు, నేర్చుకోవడానికి. ఆ పని మా విషయంలో అత్తయ్య బడికొచ్చి చేసిపెట్టారు.

ఇప్పుడు వాడు ఈఎస్‌ఎల్ నుంచి బయటికొచ్చాడు, ఇంకో రెండేళ్లు బడి వాళ్లు గమనిస్తూ ఉంటారు. ఆగస్టులో పిల్లల్ని చేర్చేవాళ్లు ఫారంతో పాటు టీచరుకి చిన్న మెయిల్ కూడా పెట్టండి: పేరు ఎలా పలకాలి, ఇంట్లో ఎవరెవరుంటారు, ఏం తింటాడు, చేత్తో తింటాడని, లెక్కలు ఎలా చేస్తాడని. మీటింగ్‌కి నానమ్మో అమ్మమ్మో ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి.