ప్రోటీన్ల పని రసాయన శాస్త్రమేనా అని అడిగిన ఇంటర్వ్యూ

ప్రొఫెసర్‌గా పదోన్నతి ఉత్తర్వు నిన్న చేతికందింది. దరఖాస్తు నింపడం, ప్రచురణల జాబితా, నా దగ్గర పీహెచ్‌డీ చేసినవారి వివరాలు జతపరచడం పెద్ద కష్టం కాలేదు. పరిపాలనా విభాగం వారు ఒకసారి తీసుకున్న ధ్రువపత్రాన్నే మళ్లీ అడుగుతారు కనుక, ఏ కాగితం ఇచ్చినా అందినట్టు సంతకం తీసుకోవాలి.

అసలు పరీక్ష ఇంటర్వ్యూలో ఎదురైంది. ప్రోటీన్ గొలుసు మడతపడి తన ఆకృతికి ఎలా చేరుతుందన్నది నా పరిశోధన. ఎంపిక సంఘంలోని ఒక పెద్దమనిషి నా దరఖాస్తును వెనుక పేజీల నుంచి తిరగేస్తూ, "ఇదంతా జీవశాస్త్రం వాళ్ల పని కదా, మీరు రసాయన శాస్త్ర విభాగంలో ఎందుకున్నారు?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న సభ్యుడు, "ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ ప్రోటీన్ల ఆకృతి చెప్పేస్తోంది, దానికి 2024లో నోబెల్ కూడా వచ్చింది, ఇక మీ ప్రయోగాలెందుకు?" అన్నారు. కొందరు నవ్వారు. ఒక్క పేజీ కూడా చదవకుండా ఏళ్ల శ్రమను కొట్టిపారేయడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఆ 2024 బహుమతి రసాయన శాస్త్రంలోనే ఇచ్చారని మొదట గుర్తుచేశాను. తరువాత ప్రోటీన్ల మడతపై శాస్త్రవేత్త ఆన్ఫిన్సెన్ చేసిన ప్రయోగం వివరించాను. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైములోని 8 సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) 4 డైసల్ఫైడ్ బంధాలుగా, అంటే గంధకం-గంధకం బంధాలుగా, జతపడడానికి 105 మార్గాలున్నాయి. ప్రోటీన్ మడతను విప్పేసే యూరియా ఉండగా, ఈ బంధాలను ఏర్పరచే ఆక్సీకరణ జరిగితే జతలు అడ్డదిడ్డంగా కుదిరి, ఎంజైము చురుకుదనం సుమారు 1 శాతమే మిగులుతుంది. యూరియాను తొలగించి డైసల్ఫైడ్ బంధాలను తెంచే మెర్కాప్టోఇథనాల్‌ను కొద్దిగా చేర్చితే తప్పు బంధాలు తెగి, సరైన జతలు కుదిరి, సహజ రూపం తిరిగి వస్తుంది. బంధాలు తెగడం, ఏర్పడడం రసాయన శాస్త్రం కాకపోతే మరేమిటని అడిగాను. ఆన్ఫిన్సెన్‌కు 1972లో దక్కినది కూడా రసాయన శాస్త్ర నోబెలే.

ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్న ముడిసరుకే ప్రయోగశాలల్లో నిర్ధారించిన నిర్మాణాలు. పైగా అది చెప్పేది తుది ఆకృతిని. ఏ బంధం ముందు ఏర్పడుతుంది, ప్రోటీన్ మధ్యలో ఎక్కడ ఆగిపోతుంది అన్నదే నా ఆసక్తి. ప్రోటీన్ మడతపడుతున్న ద్రావణం నుంచి కొద్దికొద్దిగా తీసి ఆమ్లం కలుపుతాము. ఆమ్లంలో థయోల్ (సిస్టీన్‌లోని గంధకం-హైడ్రోజన్ భాగం) తన ప్రోటాన్‌ను వదలదు కనుక బంధాల మార్పిడి ఆగిపోతుంది. ఆపైన మిశ్రమాన్ని వేరుచేసే క్రోమటోగ్రఫీలో మధ్యంతర రూపాలు రేఖాచిత్రంపై వేర్వేరు శిఖరాలుగా విడిపోతాయి.

ఆ రేఖాచిత్రాల కాగితాన్ని బల్లపై పరిచాను. అంతవరకు మౌనంగా ఉన్న విషయ నిపుణుడు ఒక శిఖరంపై వేలుపెట్టి, "ఇది చివరిదాకా ఎందుకు తగ్గలేదు?" అని అడిగారు. ఆ మధ్యంతర రూపంలో ఇంకా జతపడని రెండు సిస్టీన్లు ప్రోటీన్ లోపలికి పూడుకుపోయి ఆక్సీకరణ కారకానికి అందడం లేదని చెప్పాను. అక్కడి నుంచి సంభాషణ మా ఇద్దరి మధ్యే సాగింది, నా పని ఏమిటో అందరూ విన్నారు.

ఈ ఇంటర్వ్యూకు వెళ్లేవారు మీ ప్రయోగ ఫలితం ఒక్కటైనా పెద్ద కాగితంపై ముద్రించి తీసుకువెళ్లండి. దరఖాస్తు చదవనివారు కూడా బల్లపై పరిచిన కాగితాన్ని చూడక తప్పదు.