క్రియ తోకలోనే సంగతంతా

ఓఈటీ అని డాక్టర్లకూ నర్సులకూ పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఒకటుంది. అందులో ఉత్తరం రాయడానికి 45 నిమిషాలు ఇస్తారు. మొదటి 5 నిమిషాలు పేషెంటు కేస్ నోట్స్ చదవడానికి, మిగతా 40 రాయడానికి. నోట్స్ అన్నీ ముక్కలే: జ్వరం, రెండు రోజులు, పారాసిటమాల్, తగ్గలేదు, దద్దుర్లు. క్రియలు సగం ఉండవు, కలిపే మాటలు అసలే ఉండవు. వాటిని అతికి 180, 200 పదాల ఉత్తరం చెయ్యాలి. బ్రిటన్‌లో నర్సుగా పేరు నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఒప్పుకునే ఇంగ్లిష్ పరీక్షల్లో ఇదొకటి. వినడం, చదవడం, మాట్లాడటం మూడింట్లో బి గ్రేడు రావాలి, రాయడంలో సి ప్లస్ చాలు. ఆ ‘చాలు’ దగ్గరే నాకు తెలిసిన పిల్లలు ఎక్కువమంది ఆగిపోతున్నారు.

నేను బ్రిటన్‌లో నర్సుని. సెలవు మీద హైదరాబాద్ వచ్చానని తెలిస్తే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న నర్సమ్మాయిలు, మా చెల్లెలి స్నేహితురాళ్లు, కాగితాలు పట్టుకొని దిగుతారు. ఎవరి ఉత్తరం చూసినా ఒకటే తీరు. ‘షీ హ్యాడ్ ఫీవర్ అండ్ షీ టుక్ పారాసిటమాల్ అండ్ షీ గాట్ ర్యాషెస్ అండ్ షీ కేమ్ టు హాస్పిటల్.’ తప్పు లేదు. చదివే డాక్టరుకి మాత్రం ఏది దేనివల్ల జరిగిందో అర్థం కాదు.

దీనికి కోచింగ్ సెంటర్ల వాళ్లు చెప్పే మందు, కంజంక్షన్ల పట్టిక బట్టీ పట్టమనడం. నాకు ఆ మందు మీద నమ్మకం లేదు. రోగం తెలుగులో ఉంది మరి. ‘జ్వరం వచ్చి, మాత్ర వేసుకుని, అయినా తగ్గక ఆసుపత్రికి వచ్చింది’ అంటాం. కలిపే పనంతా క్రియల తోకలే చేశాయి. ‘వచ్చి, వేసుకుని’ క్త్వార్థకాలు, ‘తగ్గక’ వ్యతిరేక క్త్వార్థకం. ‘వస్తే’ చేదర్థకం, ‘వచ్చినా’ అప్యర్థకం, ‘వస్తూ’ శత్రర్థకం. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. ఆ పేర్లన్నీ బడిలో మార్కుల కోసం చదివినవే. పక్క పీరియడ్‌లో ఇంగ్లిష్ సారు వెర్బ్, అడ్వెర్బ్, కంజంక్షన్ అని మూడు నిర్వచనాలు చెప్పించేవారు. రెండు నోటు పుస్తకాలనూ ఎదురెదురుగా పెట్టి చూపించినవాళ్లు మాత్రం లేరు.

అలా పెట్టి చూస్తే తెలుస్తుంది, ‘వచ్చి’ చివరున్న మన ‘ఇ’ ఎంత గడుసుదో. ‘మాత్ర వేసుకుని పడుకుంది’లో అది వరస చెబుతుంది. ‘మెట్ల మీద జారిపడి చెయ్యి విరిగింది’లో కారణం చెబుతుంది. ‘ఊపిరి బిగపట్టి కూచుంది’లో ఎలా కూచుందో చెబుతుంది, అంటే అడ్వెర్బ్ పని. మూడు పనులకూ ఒకటే తోక. వినేవాళ్లు సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు. ఇంగ్లిష్‌లో ఏ పనో చెప్పి తీరాలి: ఆఫ్టరా, బికాజా, ఇంగ్ చేర్చిన క్రియా. నర్సుకి ఇది వ్యాకరణం గొడవ కాదు. మాత్ర వేసుకున్నాక దద్దుర్లు వచ్చాయన్నది నేను చూసింది, ‘ఆఫ్టర్’ అని రాయొచ్చు. మాత్ర వల్లే వచ్చాయన్నది నిర్ణయం. అది డాక్టరు తేల్చాల్సింది, ‘బికాజ్’ నా చేతిలో లేదు.

నేను పనిచేసేది యార్క్‌షైర్‌లో, వృద్ధుల వార్డులో. పొద్దున హ్యాండోవర్‌లో, అంటే రాత్రి డ్యూటీ వాళ్లు పేషెంట్లను మాకు అప్పజెప్పేటప్పుడు, ఇంకో చిక్కు. తెలుగులో షరతు ముందు, ఆజ్ఞ వెనక: ‘బీపీ వంద దాటితే తప్ప ఈ మాత్ర ఇవ్వొద్దు.’ అక్కడ ఆజ్ఞ మొదటే వెళ్లిపోతుంది: ‘డోన్ట్ గివ్ ఇట్ అన్‌లెస్ హిజ్ సిస్టోలిక్ ఈజ్ ఓవర్ ఎ హండ్రెడ్.’ సిస్టోలిక్ అంటే బీపీలో పై అంకె. మన చెవి వాక్యం చివర క్రియ కోసం కాచుకుని ఉంటుంది. ఆ క్రియ ఎప్పుడో దాటిపోయింది. రాత్రంతా మేలుకున్నవాళ్లు చదివి వినిపిస్తుంటే ‘అన్‌లెస్’ ఒక్కటీ జారిపోయిందా, బీపీ వంద దాటింది కాబట్టి ఇవ్వొద్దన్నట్టు మిగులుతుంది. అందుకే కేరళ, ఫిలిప్పీన్స్ నర్సులు కూడా విన్నది మళ్లీ పైకి చదివి సరే అనిపించుకుంటారు. మంచి అలవాటు.

యార్క్‌షైర్ ముసలివాళ్లు దీనికి ఇంకో మెలిక పెడతారు. వాళ్ల యాసలో ‘వైల్’ అంటే ‘దాకా’. ‘నైన్ వైల్ ఫైవ్’ అంటే తొమ్మిది నుంచి అయిదు దాకా. కూతురు వచ్చేదాకా తిననని మొండికేసిన పెద్దాయన ‘నాట్ వైల్ షీ కమ్స్’ అంటాడు. హైదరాబాద్‌లో ఏ పట్టికలోనూ ఇది దొరకదు.

క్రియ వెనక అతికే చిన్న మాటలైతే మరీను. ‘హీ బ్రాట్ అప్ హిజ్ బ్రేక్‌ఫాస్ట్’ అంటే టిఫిన్ పైకి తెచ్చాడని కాదు, కక్కుకున్నాడని. ‘హీజ్ గాన్ ఆఫ్ హిజ్ ఫుడ్’ అంటే తిండి సయించడం లేదని. మోకాలు ‘ప్లేయింగ్ అప్’ అంటే ఆట కాదు, నొప్పి. పిల్లలు ఇవి విని నవ్వుతారు. మనం తక్కువ తిన్నామా? ‘తిను’కీ ‘తినెయ్’కీ, ‘ఎండు’కీ ‘ఎండిపో’కీ ఉన్న తేడా ఎవరికైనా నేర్పి చూడండి. ఈట్ అప్, డ్రై అవుట్ అని వాళ్లు విడి మాట వెనక పెట్టేచోట మనం ఇంకో క్రియనే తగిలిస్తాం. ‘చచ్చిపో’లో పోవడం ఎక్కడికని అడిగితే మనమూ నీళ్లు నమలాల్సిందే.

‘ఓన్లీ’ సంగతి చెప్పక్కర్లేదు. ‘నిన్ననే’లోని ‘ఏ’ని ఉన్నచోటే ఉంచి ‘యస్టర్‌డే ఓన్లీ హీ కేమ్’ అనడం హైదరాబాదీ హక్కు. అది నాకిష్టం, మా ఇంట్లో అందరం అలాగే అంటాం. కాకపోతే వార్డులో ‘ఓన్లీ’ క్రియకు ముందు కూచుంటుంది: ‘హీ ఓన్లీ కేమ్ యస్టర్‌డే.’ ‘జస్ట్’ కూడా అక్కడిదే, కాకపోతే దానికి మర్యాద ఎక్కువ. ‘కుడ్ యూ జస్ట్ హెల్ప్ మీ విత్ దిస్’ అని సిస్టర్ పిలిస్తే పని చిన్నదని కాదు. ఆ ‘జస్ట్’ వెనక గంటసేపు పని ఉండొచ్చు.

మొన్న వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది, ‘గట్లయితే తెలుగుల అనుకొని ఇంగ్లిష్‌ల రాయాల్నా అక్కా? మా సార్ ఇంగ్లిష్‌లనే ఆలోచించమంటడు.’

‘ఉత్తరానికి తెలుగులనే అనుకో,’ అన్నాను. ‘నోట్స్ మొత్తం ఒక్క తెలుగు వాక్యంగా చెప్పుకో. ‘ఇ’ వచ్చిన ప్రతిచోటా ఆగి, వరసా, కారణమా, తీరా అని చూసుకో. తేలనిచోట చుక్క పెట్టి ఇంకో వాక్యం మొదలుపెట్టు. ఇక ‘వచ్చినా కానీ’ అన్నట్టు ‘ఆల్‌దో’ పెట్టి మళ్లీ ‘బట్’ పెట్టినవనుకో, ఒకటి కొట్టెయ్.’

‘మరి మాట్లాడేటప్పుడు?’

‘అప్పుడు అంత టైముండదు. మొదలు క్రియ చెప్పెయ్, కారణం అడిగితే తర్వాత చెప్పొచ్చు.’

తన ఉత్తరం తీసుకుని ‘అండ్’లన్నిటికీ సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. మొదటి పేరాలోనే పెన్ను మార్చాల్సి వచ్చింది.