పరదేశి గుడిలో బెంచీ దొరకనివాళ్ళు

ఆమధ్య కొచ్చి వెళ్ళినప్పుడు మట్టాంచేరిలో పరదేశి సినగాగ్ చూశాను. యూదుల ప్రార్థనా మందిరం, 1568లో కట్టింది. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు విప్పాలి, అక్కడే సగం మనూళ్ళో గుడికి వచ్చినట్టు అనిపిస్తుంది. నేలంతా నీలం రంగు చైనా పలకలు, ఒక్కోదాని మీద చేత్తో వేసిన బొమ్మ. పైన బెల్జియం గాజు దీపాల గుత్తులు. వచ్చినవాళ్ళంతా తల ఎత్తి దీపాలు, తల దించి పలకలు చూస్తున్నారు. నేను మాత్రం కాసేపు గుమ్మం దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే వెళ్ళేముందు నేను చదివింది ఆ పలకల గురించి కాదు, వందల ఏళ్ళు ఆ గుడికి వస్తూ కూడా లోపల బెంచీ మీద కూర్చునే హక్కు లేనివాళ్ళ గురించి.

వాళ్ళని మెషుఖ్రారిం అనేవాళ్ళు. హీబ్రూలో ఆ మాటకి విడుదల పొందినవాళ్ళు అని అర్థం. ఒకప్పుడు యూదుల ఇళ్ళలో బానిసలుగా ఉండి విడుదలైనవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. మతం అదే, ప్రార్థన అదే, సబ్బాతు అనే వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం అదే. కానీ కూర్చోవాల్సింది ముందుగదిలో నేల మీదో, బయట మెట్ల మీదో. యూదుల పవిత్ర గ్రంథం తోరా చదవడానికి పిలవరు. పెళ్ళి సంబంధం మాట ఎత్తనే కూడదు. చనిపోయాక శ్మశానంలో కూడా చోటు వేరే. ఇదంతా చదువుతుంటే మీకు ఏదో గుర్తొస్తోంది కదా, నాకూ అదే గుర్తొచ్చింది, అందుకే ఆ పోలిక ఇక్కడ విడమరిచి రాయను.

విచిత్రం ఏంటంటే, కొచ్చిలో యూదులని రాజులెవరూ వేధించలేదు. వేధించింది పోర్చుగీసువాళ్ళు. రాజు మాత్రం తన కోట పక్కనే గుడికి స్థలం ఇచ్చాడు. అంటే ఊరి రాజు నుంచి ద్వేషం లేని చోట, 1492లో స్పెయిన్ నుంచి తరిమేస్తే సముద్రాలు దాటి వచ్చినవాళ్ళ వారసులూ ఉన్న గుంపు, లోపల తనే ఒక కింది మెట్టు తయారుచేసుకుంది. మనిషికి తన కింద ఇంకొకడు ఉండాలనే యావ అంత తొందరగా పోదేమో.

ఇప్పుడు అసలు మాటకి వస్తా. తెలుగు బైబిల్లో లేవీయకాండం 19వ అధ్యాయం తీసి చూడండి, యూదుల తోరాలోనూ ఉన్న భాగమే అది. మీ మధ్య ఉండే పరదేశిని మీలో పుట్టినవాడిలాగే చూసుకోండి, మీరూ ఈజిప్టులో పరదేశులుగా ఉన్నవాళ్ళే కదా అని ఉంటుంది. సరిగ్గా ఆ మాటే, పరదేశి. ఆ గుడి పేరు కూడా అదే. ఇంగ్లీషులోనో హీబ్రూలోనో చదివేవాళ్ళకి ఈ తమాషా తగలదు, మనకే తగులుతుంది. పరదేశిని ప్రేమించమన్న పుస్తకాన్ని పరదేశి అని పేరున్న గుడిలో పెట్టుకుని, పక్కవాడిని పరదేశిని చేసి గుమ్మం బయట కూర్చోబెట్టారు. ఇంకో సంగతి చూడండి. కొచ్చి యూదుల మధ్య ఈ ఎక్కువ తక్కువల గొడవ 16వ శతాబ్దంలోనే పెద్దదై, ఏం చెయ్యాలో చెప్పమని దూరదేశంలో ఉన్న డేవిడ్ ఇబ్న్ జిమ్రా అనే రబ్బీకి, అంటే యూదు మతగురువుకి, ఉత్తరం రాశారు. ఆయన ఉన్నది ఎక్కడ? ఈజిప్టులో! శాస్త్రప్రకారం స్నానం చేయిస్తే వాళ్ళూ మీలాంటి యూదులే, పెళ్ళిళ్ళు కూడా చేసుకోవచ్చు అని జవాబు వచ్చింది. పైవాళ్ళకి ఆ జవాబు నచ్చలేదు, పక్కన పెట్టేశారు.

ఆ గొడవని మళ్ళీ లేవనెత్తినాయన ఎ.బి. సేలం. 1882లో పుట్టారు, మెషుఖ్రారింలో మొదటి డిగ్రీ ఆయనదే, మద్రాసులో లా చదివి ఎర్నాకుళంలో ప్రాక్టీసు పెట్టారు. కొచ్చి సంస్థానం శాసనమండలిలో కూర్చున్నారు. అంటే సంస్థానం చట్టసభలో ఆయనకి కుర్చీ ఉంది, సొంత గుడిలో బెంచీ లేదు. కొన్నాళ్ళు గుడికి వెళ్ళడమే మానేశారు. తర్వాత దారి మార్చి గాంధీ పద్ధతి పట్టుకున్నారు, సత్యాగ్రహం. పక్కనే వైక్కంలో కింది కులాలవాళ్ళని గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడవనివ్వమని 1924లో జనం సత్యాగ్రహం మొదలుపెట్టిన కాలం అది, ఆ గాలి ఈయనకీ తగిలే ఉంటుంది. ఆయన్ని యూదు గాంధీ అని తర్వాత కొందరు పిలిచారు. ఏళ్ళు పట్టింది, కానీ 1930ల నడుమకల్లా చాలా కట్టుబాట్లు సడలిపోయాయి. 1950లో ఆయన కొడుకు పరదేశి కుటుంబం, అంటే ఆ పైవాళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. నాకు ఆయనలో నచ్చింది ఏంటంటే, వేరే గుడి కట్టుకుందాం పదండి అనలేదు. ఇది నాది కూడా, నేను ఇక్కడే కూర్చుంటా అన్నారు. అది చాలా కష్టమైన మొండితనం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, చెప్పకపోతే దొంగతనంగా ఉంటుంది. నేనూ ఒక సేవా బృందంలో ఉన్నా. ఒకసారి మీటింగు మేడ మీద పెట్టుకున్నాం. లిఫ్టు లేదు. చేతికర్రతో నడిచే ఒకాయన వచ్చి, మెట్లు చూసి, నేను కిందే ఉంటాలెండి అన్నారు. మేం పైన గంటన్నరసేపు వికలాంగులకి ఏం చేద్దాం అని చర్చించుకున్నాం, మధ్యలో ఆయనకి టీ పంపాం. టీ పంపినందుకు నాకు లోపల కాస్త గొప్పగా కూడా అనిపించింది, అదీ అసలు సిగ్గు. గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టొద్దు అన్న వాక్యం కూడా ఆ 19వ అధ్యాయంలోనే ఉందని తర్వాత చదివా. మేం అడ్డం పెట్టలేదు నిజమే, ఉన్న అడ్డం పైకే ఎక్కి కూర్చున్నాం.

యూదులు దానాన్ని త్సెదాకా అంటారు. ముస్లింలు సదకా అంటారు చూడండి, రెండూ ఒకే ధాతువు. కానీ హీబ్రూలో ఆ మాట పుట్టింది న్యాయం అనే మాటలోంచి, జాలిలోంచి కాదు. తోరా ప్రకారం పొలం కోసేటప్పుడు అంచులు కోయకుండా పేదవాడికి, పరదేశికి వదిలెయ్యాలి. ఆ గింజలు నువ్వు పెట్టేవి కావు, వాళ్ళు వచ్చి కోసుకునేవి. 12వ శతాబ్దంలో మైమొనిడీస్ అనే యూదు పండితుడు దానానికి ఎనిమిది మెట్లు రాశాడు, అన్నిటికన్నా పైమెట్టు ఏంటంటే అవతలివాడు ఇంక ఎవరినీ అడగక్కర్లేకుండా నిలబెట్టడం, అప్పు ఇచ్చో, పని ఇచ్చో, వ్యాపారంలో కలుపుకునో. టీ పంపడం ఎన్నో మెట్టో నేను వెతకలేదు, ధైర్యం చాల్లేదు.

ఆ పరదేశి వాక్యాన్ని నిజంగానే పట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో హయాస్ అనే సంస్థ రష్యా నుంచి పారిపోయి వస్తున్న యూదుల కోసం మొదలైంది. యూదులకి ఆ అవసరం తగ్గాక మూతపడలేదు, ఏ మతం శరణార్థులైనా సరే అని చూసుకుంటోంది. 2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్‌లో సినగాగ్ లోపల 11 మందిని కాల్చి చంపినవాడు, కాల్చడానికి ముందు ఆన్‌లైన్‌లో తిట్టింది ఈ సంస్థనే, బయటివాళ్ళని తెస్తున్నారని. ఆ భవనంలో ప్రార్థన చేసుకునే మూడు బృందాల్లో ఒకటి అంతకుముందే హయాస్‌తో కలిసి శరణార్థుల కోసం ఒక సబ్బాతు జరుపుకుంది. ఆ తర్వాత కూడా హయాస్ పని ఆపలేదు.

కొచ్చికి వస్తే, 1948 తర్వాత చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. సేలం వెళ్ళి చూసి, వెనక్కి వచ్చి 1967లో కొచ్చిలోనే కన్నుమూశారు. ఆ గుడిలో పూర్తి ప్రార్థన జరగాలంటే ఆచారం ప్రకారం పది మంది మగవాళ్ళు కావాలి. ఇప్పుడు ఊళ్ళో అంతమంది లేరు, ఎప్పుడైనా బయటి నుంచి యూదు యాత్రికులు వస్తే వాళ్ళని కలుపుకుని లెక్క సరిచూసుకోవాలి. నేను వెళ్ళిన రోజు బెంచీలన్నీ ఖాళీగానే ఉన్నాయి.